కంట్రోలర్‌తో క్లబ్బు నడపడం: ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ గేమ్‌లకు కన్సోల్‌లో ఎందుకిన్ని తంటాలు?

క్లుప్తంగా: ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ గేమ్‌లు కంప్యూటర్‌లో పుట్టి పెరిగాయి. టీవీకి తగిలించి కంట్రోలర్‌తో ఆడే కన్సోల్‌కు వచ్చినప్పుడల్లా చాలావరకు పీసీ వెర్షన్‌నే కత్తిరించి తెచ్చారు. మొదట్లో అడ్డుపడింది మెమరీ. ఆ సమస్య ఎప్పుడో తీరిపోయింది. సోఫాకీ టీవీకీ మధ్య దూరం, కంట్రోలర్‌తో పెద్ద పెద్ద పట్టికలు తిప్పాల్సి రావడం, బయటి డేటాకు తలుపులు మూసి ఉండటం మాత్రం ఇప్పటికీ తీరలేదు. కంట్రోలర్‌ను మొదటినుంచీ మనసులో పెట్టుకుని తయారు చేసిన ఆటలే కన్సోల్ మీద బాగా కుదిరాయి. ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’ మీద వచ్చిన గొడవ వెనక ఉన్నదీ ఇదే.

2025 ఫిబ్రవరి 6న లండన్‌కు చెందిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ స్టూడియో ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2025’ను పూర్తిగా రద్దు చేసింది. మొదట 2024 నవంబరు అన్నారు, తర్వాత 2025 మార్చికి జరిపారు, చివరికి ఆటే లేదన్నారు. 2004 నుంచి ఏటా తప్పకుండా వస్తున్న సిరీస్‌లో ఒక ఏడాది ఖాళీగా పోవడం అదే మొదటిసారి. పాత సాఫ్ట్‌వేర్ పునాదిని వదిలి యూనిటీ ఇంజిన్‌కు మారడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆడేవాళ్లకు కలిగే అనుభవం, ఇంటర్‌ఫేస్ అనుకున్న స్థాయికి రాలేదని స్టూడియోనే ఒప్పుకుంది.

తర్వాతి ఆట ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’ 2025 నవంబరు 4న పీసీకీ, పెద్ద కన్సోళ్లకూ ఒకే రోజు వచ్చింది. మొదటి రోజుల్లో పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నెగెటివ్ రివ్యూలే ఎక్కువ. ఏళ్ల తరబడి పీసీలో ఆడుతున్నవాళ్ల ప్రధాన ఫిర్యాదు ఇది కన్సోల్ ఆటలా ఉందని. ఈ మాట కొత్తవాళ్లకు అర్థం కాదు. కన్సోల్ ఆటలా ఉంటే తప్పేమిటి? దీనికి జవాబు చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బంతి తన్నక్కర్లేని ఆట

ఈ గేమ్‌లలో ఆడేవాళ్లు మైదానంలోకి దిగరు. జట్టును ఎంచుకోవడం, వ్యూహం వేయడం, ఆటగాళ్లను కొనడం, అమ్మడం, జీతాలు మాట్లాడటం, ట్రైనింగ్ చూసుకోవడం వాళ్ల పని. మ్యాచ్‌ను కంప్యూటరే ఆడుతుంది. మేనేజర్ పక్కన నిలబడి చూస్తాడు, అవసరమైతే ఆటగాణ్ణి మారుస్తాడు. గోల్ కొట్టిన ఆనందం ఒక నిర్ణయం ఫలించిన ఆనందమే.

1982లో కెవిన్ టామ్స్ ‘ఫుట్‌బాల్ మేనేజర్’ పేరుతోనే ఒక ఆట చేశాడు. ఆ కాలపు చిన్న హోమ్ కంప్యూటర్ల కోసం చేసిన ఆ ఆటతో ఈ రకం గేమ్‌లకు బాట పడింది. ఇప్పుడున్న సిరీస్‌కూ దానికీ పేరు ఒకటే తప్ప సంబంధం లేదు. 1992లో పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు తెచ్చిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ అమిగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్ల మీద మొదలైంది. వాళ్ల స్టూడియోనే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్. 2003లో పబ్లిషర్ ఐడోస్‌తో విడిపోయినప్పుడు పేరు ఐడోస్‌కు దక్కింది. ఆట కోడ్, ఆటగాళ్ల డేటాబేస్ మాత్రం స్టూడియో దగ్గరే ఉండిపోయాయి. సెగా పబ్లిషర్‌గా 2004లో ‘ఫుట్‌బాల్ మేనేజర్ 2005’ అలా వచ్చింది. 2006లో సెగా ఆ స్టూడియోనే కొనేసింది.

ఈ చరిత్రలో గమనించాల్సింది ఒకటుంది. ఆట ఎదిగిందంతా కీబోర్డు, మౌస్, దగ్గరగా కూర్చుని చూసే తెర ఉన్న చోట. ఒక్కో ఆటగాడికీ 1 నుంచి 20 వరకు అంకెలతో పదుల కొద్దీ గుణాలు, వాటి వెనక కనబడకుండా 200 వరకు వెళ్లే మొత్తం సామర్థ్యం లెక్క, వందల క్లబ్బులు. ఆ లోతే దానికి పేరు తెచ్చింది, కన్సోల్‌కు వెళ్లేటప్పుడు భారమైందీ అదే.

మెమరీ కార్డు లెక్క

పాత కన్సోళ్లలో ఇబ్బంది ఎంతటిదో చిన్న లెక్క వేసి చూడొచ్చు. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులున్నాయి. క్లబ్బుకు 25 మంది చొప్పున 2,300 మంది. ఒక్కొక్కరికీ వేగం, పాస్, హెడర్, వయసు, అలసట, గాయం వంటివి 30 అంకెలనుకుని, అంకెకు ఒకే బైటుతో సరిపెట్టినా 69,000 బైట్లు అవుతాయి. మొదటి ప్లేస్టేషన్ మెమరీ కార్డు మొత్తం 128 కేబీ. అందులో వాడుకోదగినవి 15 బ్లాకులు, ఒక్కోటి 8 కేబీ. అంటే ఆటగాళ్ల అంకెలు దాచుకోవడానికే 9 బ్లాకులు పోతాయి. ఫిక్స్చర్లు, పాయింట్ల పట్టికలు, క్లబ్బుల ఖాతాలు, పాత సీజన్ల రికార్డులు ఇంకా మొదలే కాలేదు. అదీ ఒక్క దేశానికి.

ప్రాసెసర్ సంగతీ అంతే. ఆ నాలుగు డివిజన్లలో ఒక రౌండ్ అంటే 46 మ్యాచ్‌లు. వాటన్నిటినీ వెనకాల ఆడించి ఫలితాలు తేల్చేదాకా ఆడేవాళ్లు ఖాళీగా కూర్చోవాలి. దాదాపు 34 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 ఎంబీ మెమరీ ఉన్న యంత్రం మీద ఆ పని చేయించాలంటే లెక్క లోతును తగ్గించక తప్పదు. అందుకే 1990లలో మెగా డ్రైవ్, ప్లేస్టేషన్, నింటెండో 64 మీద వచ్చిన ‘ప్రీమియర్ మేనేజర్’ లాంటి ఆటలు తేలికగా ఉండేవి. తయారు చేసినవాళ్లకు తెలియక అలా చేయలేదు, యంత్రం అంతకు మించి మోయలేకపోయింది.

2002లో ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ 01/02 సీజన్ ఎక్స్‌బాక్స్ మీదికి వచ్చింది. ఎక్స్‌బాక్స్‌లో 8 జీబీ హార్డ్ డిస్క్ పెట్టెలోనే ఉండేది. ప్లేస్టేషన్ 2కు ఉన్నది 8 ఎంబీ మెమరీ కార్డు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ ఎటు వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో వేరే చెప్పక్కర్లేదు. దానికి మూల్యం మాత్రం పెద్దదే. ప్లేస్టేషన్ 2 ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైతే, మొదటి ఎక్స్‌బాక్స్ రెండున్నర కోట్ల దాకా కూడా రాలేదు. ఈ రంగంలో పెద్ద పేరున్న ఆట చిన్న మార్కెట్‌లో ఇరుక్కుపోయింది.

కన్సోల్ కోసమే పుట్టినవి

ఆ ఖాళీని నింపింది కోడ్‌మాస్టర్స్ సంస్థ. 1999లో మొదటి ప్లేస్టేషన్ మీద ‘ఎల్‌ఎంఏ మేనేజర్’ను మొదలుపెట్టి, తర్వాత ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్‌లకు తీసుకెళ్లింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ల సంఘం పేరు మీద వచ్చిన ఈ సిరీస్‌ను ఆలోచించిందే కన్సోల్ కోసం. ఒక తెర మీద కొద్ది సమాచారం, పెద్ద అక్షరాలు, నాలుగు బటన్లతో అయిపోయే మెనూలు. మ్యాచ్ ముఖ్య ఘట్టాలను 3డీలో చూపించేది. అదే కాలంలో పీసీ మీద ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ అక్షరాల్లో కామెంటరీ మాత్రమే ఇచ్చేది. పైనుంచి చూస్తే చుక్కలు కదిలే 2డీ మ్యాచ్ 2003లో గానీ రాలేదు, ‘ఫుట్‌బాల్ మేనేజర్’లో 3డీ మ్యాచ్ 2009 ఎడిషన్ దాకా రాలేదు. లోతులో పీసీ ఆటదే పైచేయి. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏం కావాలో ముందుగా పట్టుకున్నది మాత్రం ‘ఎల్‌ఎంఏ’.

ఇంకా గట్టి ఉదాహరణ జపాన్‌లో ఉంది. అక్కడ ఇళ్లలో ఆటలంటే ప్రధానంగా కన్సోలే. 1993లో జె-లీగ్ మొదలై దేశమంతా ఫుట్‌బాల్ ఊపు వచ్చాక, 1996లో సెగా తన సాటర్న్ కన్సోల్ మీద ‘సకాత్సుకు’ సిరీస్ ప్రారంభించింది. ఇందులో ఆడేవాళ్లు కోచ్ కుర్చీలో కాదు, క్లబ్బు యజమాని కుర్చీలో కూర్చుంటారు. చిన్న క్లబ్బుతో మొదలుపెట్టి, మైదానం, ట్రైనింగ్ సౌకర్యాలు కట్టుకుంటూ, కోచ్‌లను పెట్టుకుంటూ పైకి రావాలి. ఎడమవైపు బ్యాక్ ఎంత లోపలికి జరగాలి వంటి సూక్ష్మాలు యజమానికి అక్కర్లేదు కాబట్టి మెనూలు వాటంతట అవే చిన్నవయ్యాయి. ఇక్కడ ఏ పెద్ద ఆటనూ కోసి చిన్నది చేయలేదు. కంట్రోలర్‌తో హాయిగా తీసుకోగల నిర్ణయాలేవో చూసి, వాటి చుట్టూ ఆటను అల్లారు.

2003 చివర్లో ఈఏ సంస్థ మూడో దారి తొక్కింది. ‘టోటల్ క్లబ్ మేనేజర్ 2004’, ‘ఫిఫా 2004’ రెండూ ఉంటే, మేనేజర్‌గా తయారు చేసిన మ్యాచ్‌ను ఫిఫాలో చేత్తో ఆడే వీలు కల్పించింది. ఆలోచన బాగుంది గానీ నిలవలేదు. చివరికి ఫిఫాలోనే మేనేజర్ మోడ్ పెరిగి, మామూలు ఆటగాడి కోరికను తీర్చేసింది. కొనామీ సంస్థ ఫుట్‌బాల్ ఆటలోని ‘మాస్టర్ లీగ్’ మోడ్ అప్పటికే ఆ పని చేస్తోంది.

2008 తర్వాత పెద్ద కన్సోళ్లలో పన్నెండేళ్ల ఖాళీ

2006 ఏప్రిల్‌లో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ ఎక్స్‌బాక్స్ 360 మీదికి వచ్చింది. 2007, 2008 ఎడిషన్లు కూడా వచ్చాయి. తర్వాత ఆగిపోయింది. ‘ఎల్‌ఎంఏ మేనేజర్’ చివరి ఆట 2007 ఎడిషన్. రెండేళ్ల తేడాతో కన్సోల్ మీద ఈ రకం ఆట దాదాపు కనుమరుగైంది.

దీనికి ఒక్క కారణం చూపించడం కుదరదు. ల్యాప్‌టాప్‌లు చవకయ్యాయి, ఈ ఆటకు గ్రాఫిక్స్ కార్డు కూడా పెద్దగా అక్కర్లేదు. హెచ్‌డీ కన్సోళ్ల మీద ఆట తయారీ ఖర్చు పెరిగింది. ఈ ఆటలు కొనేవాళ్లు ప్రధానంగా యూరప్‌లోనే ఉంటారు కాబట్టి అమెరికా అమ్మకాల మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు దెబ్బ చిన్న తెరల నుంచి పడింది. 2006లోనే చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీకి చిన్న వెర్షన్ వచ్చింది, 2010లో అదే ఐఫోన్‌కు వెళ్లింది. పేరు మీద వేలు పెడితే తెరుచుకునే ఫోన్ ఈ ఆటకు కంట్రోలర్ కంటే సహజమైన చోటు. తేలికైన వెర్షన్ చాలనుకునేవాళ్లు ఫోన్‌కు, లోతు కావాలనుకునేవాళ్లు ల్యాప్‌టాప్‌కు పోయాక మధ్యలో కన్సోల్‌కు మిగిలింది తక్కువే.

కంటికీ చేతికీ పడే శ్రమ

మెమరీ సమస్య ఇప్పుడు లేదు. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ మెమరీ, వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. అయినా ఇబ్బంది ఎక్కడుందో తెలియాలంటే తెర ముందు కూర్చునే తీరు చూడాలి. 24 అంగుళాల మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 43 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల నుంచి చూస్తాం. టీవీ పెద్దదే అయినా కంటికి అందే పరిమాణంలో అది మానిటర్‌లో సగం కూడా ఉండదు. పీసీలో చక్కగా కనిపించే 12 నిలువు వరుసల పట్టికను అలాగే టీవీ మీద పెడితే చదవలేం. అక్షరాలు పెద్దవి చేస్తే వరుసలు తగ్గుతాయి. వరుసలు తగ్గితే పోల్చి చూడటానికి రెండు మూడు తెరలు తిప్పాలి.

చేతి సంగతి ఇంకా కష్టం. 23 ఏళ్లలోపు, జీతం తక్కువ, ఎడమ కాలితో ఆడే లెఫ్ట్ బ్యాక్ ఒకడు కావాలనుకుందాం. మౌస్ ఉంటే వయసు అనే శీర్షిక మీద నొక్కితే పట్టిక సర్దుకుంటుంది, పేరు మీద రైట్ క్లిక్ చేస్తే బేరం మొదలుపెట్టొచ్చు. కంట్రోలర్‌తో అయితే ఫిల్టర్ తెరవాలి, ఒక్కో గడికీ మెట్టు మెట్టుగా దిగాలి, అంకె మార్చాలి, వెనక్కి రావాలి. పేరుతో వెతకాలంటే తెర మీద కీబోర్డులో అక్షరం అక్షరం ఏరుకోవాలి. ఒక్కసారైతే ఎవరూ పట్టించుకోరు. ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఇచ్చే గడువైన ట్రాన్స్‌ఫర్ విండోలో ఇదే పని పదేపదే చేయాలి, అక్కడే ఓపిక పోతుంది.

తిరిగి వచ్చిన తీరు

2018లో నింటెండో స్విచ్ మీదికి ‘ఫుట్‌బాల్ మేనేజర్ టచ్’ వచ్చింది. తెరను తాకే సౌకర్యం ఉన్న కన్సోల్ కాబట్టి అది మొదటి అడుగు కావడం సహజమే. టచ్ అనేది నిజానికి పీసీ ఆటలోనే తీరిక లేనివాళ్ల కోసం 2013 ఎడిషన్‌లో వేరే పేరుతో పెట్టిన కుదించిన మోడ్. ప్రెస్‌మీట్‌లు, ఆటగాళ్లతో మాటలు వంటివి తగ్గించి సీజన్ త్వరగా గడిచేలా చేస్తుంది. తర్వాత అదే కన్సోల్ వెర్షన్లకు పునాది అయింది.

2020 డిసెంబరు 1న ఎక్స్‌బాక్స్ ఎడిషన్‌తో పెద్ద కన్సోల్‌కు మళ్లీ దారి తెరుచుకుంది. 2022 ఎడిషన్ విడుదల రోజే ఎక్స్‌బాక్స్ చందా సర్వీసు గేమ్ పాస్‌లోకి రావడం పెద్ద మలుపు. పూర్తి ధర పెట్టి ‘ఇదేం ఆటో’ అని వెనకాడేవాళ్లు చందా కడుతున్నాం కదా అని ఒకసారి తెరిచి చూస్తారు. గంట పాటు అర్థం కాక, రెండో గంటలో వదలలేకపోయే ఆటకు ఇలాంటి ఏర్పాటు బాగా పనికొస్తుంది. ప్లేస్టేషన్ 5 వెర్షన్‌కు మాత్రం 2022 నవంబరు తేదీ తప్పింది. సబ్మిషన్, ఆమోదం దశలో చిక్కులు వచ్చి 2023 ఫిబ్రవరి 1న విడుదలైంది. స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ ఆట ప్లేస్టేషన్ హోమ్ కన్సోల్‌కు రావడం అదే మొదటిసారి.

మూసి ఉన్న తలుపు

పీసీకీ కన్సోల్‌కూ మధ్య అందరూ చెప్పుకోని తేడా డేటా. ఈ సిరీస్‌లో ఎంచుకోదగిన దేశాల్లో భారత్ పేరు చాలాకాలంగా ఉంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి వెళ్లి వేరే పేరు పెట్టుకుంది. పాత ఎడిషన్ డేటాలో ఆ క్లబ్బు ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటుంది. పీసీలో ఎవరో ఒక అభిమాని దిద్దిన డేటాబేస్ ఫైల్‌ను స్టీమ్ వర్క్‌షాప్‌లో పెడితే అందరికీ ఆ మార్పు అందుతుంది. కన్సోల్‌లో అలాంటి బయటి ఫైల్ ఎక్కించుకునే దారి లేదు. స్టూడియో ఇస్తేనే ఉంటుంది.

2025 ఎడిషన్ రద్దయినప్పుడు దీని బరువు బయటపడింది. 2024 ఎడిషన్‌కు కొత్త సీజన్ డేటా ఇవ్వబోమని స్టూడియో చెప్పింది. పీసీ వాళ్లు అభిమానుల ఫైల్స్‌తో కాలం గడిపారు. కన్సోల్ వాళ్లకు 2023-24 జట్లే గతి అయ్యాయి.

లైసెన్సుల కథా ఇంతే. పేరు వాడుకున్నందుకు మాంచెస్టర్ యునైటెడ్ కోర్టుకు వెళ్లింది, 2021లో రాజీ కుదిరి ఆటలో ఆ క్లబ్బు పేరును కుదించి రాయడం మొదలైంది. పీసీలో అభిమానులు అసలు పేర్లు, లోగోలు తామే పెట్టుకుంటారు. కన్సోల్‌లో మార్చుకునే దారే లేదు. తలుపు తీయడం సాధ్యం కాదా అంటే, కొనామీ ‘పీఈఎస్’ ఆటలు ప్లేస్టేషన్ 4లో యూఎస్‌బీ ద్వారా జెర్సీలు, లోగోలు ఎక్కించుకోనిచ్చాయి. ఎక్స్‌బాక్స్‌లో అది కుదరలేదు. కాబట్టి ఇది యంత్రం శక్తికి సంబంధించిన విషయం కాదు, కన్సోల్ సంస్థ విధానానికి సంబంధించినది. ‘ఫుట్‌బాల్ మేనేజర్ 26’కు ప్రీమియర్ లీగ్ అధికారిక లైసెన్సు దక్కడం వల్ల ఎక్కువ లాభపడేది కన్సోల్ వాళ్లేనని ఈ కారణంగానే చెప్పవచ్చు.

ఒకే ఇంటర్‌ఫేస్, రెండు రకాల జనం

ఇక మొదటి ప్రశ్న. యూనిటీకి మారాక స్టూడియో ఇంటర్‌ఫేస్‌ను మళ్లీ మొదటినుంచి కట్టింది. ఇన్నాళ్లూ ఆటకు గుండెకాయలా ఉన్న ఇన్‌బాక్స్ స్థానంలో ‘పోర్టల్’ వచ్చింది. పొడవైన పట్టికల బదులు చిన్న చిన్న పలకలు, వాటి మీద నొక్కితే తెరుచుకునే కార్డులు వచ్చాయి. పలకలు కంట్రోలర్‌కు అనుకూలం. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గుర్తుతో దూకొచ్చు, దూరం నుంచి చదవొచ్చు. అదే మౌస్ పట్టుకున్నవాళ్లకు, ఇదివరకు ఒక చూపుతో దొరికిన సమాచారం రెండు మూడు క్లిక్‌ల వెనక్కి పోయింది.

గతంలో ప్రతిసారీ కన్సోల్ వాళ్లు సర్దుకున్నారు. ఈసారి సర్దుకోమన్నది పీసీ వాళ్లను. ఒకే డిజైన్‌తో రెండు వైపులా నడపడం ఖర్చు తగ్గిస్తుంది, ఒకే రోజు విడుదల సాధ్యమవుతుంది. స్టూడియో వైపు నుంచి చూస్తే న్యాయంగానే ఉంది. కానీ ఇందులో లెక్క తప్పిన చోటు ఒకటుంది. కన్సోల్‌లో ‘ఎల్‌ఎంఏ’, ‘సకాత్సుకు’ కుదిరింది తెర మీద పలకలు పెట్టినందుకు కాదు. ఆడేవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాల సంఖ్యను, రకాన్నే మార్చినందుకు. నిర్ణయాలన్నీ పీసీలో ఉన్నట్టే ఉంచి పైతొడుగు మాత్రం మారిస్తే మౌస్ వాళ్లకు నెమ్మది, కంట్రోలర్ వాళ్లకు చిక్కు రెండూ మిగులుతాయి. ‘సకాత్సుకు’ చేసిన సెగాయే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్‌కూ యజమాని. 2024 ఎడిషన్‌లో జె-లీగ్ అధికారికంగా చేరింది కూడా. ఒకే గూటిలో ఉన్న ఈ రెండు సంప్రదాయాలు డిజైన్‌లో మాత్రం ఇంతవరకు కలిసినట్టు కనిపించవు.

కొనేవాళ్లకు దీనివల్ల తేడా ఏమిటి

ల్యాప్‌టాప్ ఉండి, చిన్న లీగ్‌ల నుంచి క్లబ్బును పైకి తేవాలన్న ఆశ ఉన్నవాళ్లకు పీసీ వెర్షనే మేలు. లీగ్‌ల ఎంపిక, అభిమానుల డేటా రెండూ అక్కడే ఎక్కువ. సోఫాలో కూర్చుని సాయంత్రం ఒకటి రెండు మ్యాచ్‌లు, పేరున్న క్లబ్బుతో ఆడుకోవాలనుకునేవాళ్లకు కన్సోల్ వెర్షన్ సరిపోతుంది. దాన్ని పీసీ ఆటకు నకలుగా కాకుండా వేరే ఆటగా చూడాలి. ఇదివరకెప్పుడూ ఆడనివాళ్లు చందా సర్వీసులో ఉంటే ముందు అక్కడ ప్రయత్నించి, ఒక పూర్తి ట్రాన్స్‌ఫర్ విండో గడిచేదాకా ఆగి చూడటం మంచిది. మొదటి మ్యాచ్‌లో తెలియని ఇబ్బందులన్నీ ఆ పట్టికలు తిప్పేటప్పుడే బయటపడతాయి. టీవీకి దూరంగా కూర్చునే ఇళ్లలో కొనేముందు ఎవరైనా ఆడుతున్న వీడియోను అదే టీవీ మీద, అదే సోఫా నుంచి చూస్తే అక్షరాలు కనబడతాయో లేదో వెంటనే తేలిపోతుంది.